అమ్మమ్మ ఊరికే పెట్టిన తిండికి ఇప్పుడు నాలుగింతలు ఎందుకు ఇస్తున్నారు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకప్పుడు పేదవాళ్ల తిండి అని పక్కన పెట్టినవాటినే ఇప్పుడు గాజు సీసాలో పోసి, మంచి లేబుల్ అంటించి నాలుగింతలకు అమ్ముతుంటే జనం ఎందుకు కొంటున్నారు, వాళ్లేమైనా మోసపోతున్నారా అన్నది మొదటిది. మీ ఇంట్లో మూడు తరాలుగా చేసుకుంటున్న నిల్వ పదార్థాన్ని మీరూ ఖర్చుకు నాలుగింతల ధరకు అమ్మాలనుకుంటున్నారు, అసలు దానికి ఎంత ధర పెడితే న్యాయంగా ఉంటుంది అన్నది రెండోది. ఆహార పదార్థాలకు ధర కట్టే పనిలో నేను పదిహేనేళ్లకు పైగా ఉన్నాను, పెద్ద ఫ్యాక్టరీలోనూ చేశాను, నలుగురు మనుషులతో నడిచే యూనిట్లలోనూ చేశాను, అందుకని కొంచెం పొడుగ్గానే చెప్తాను.

మీ ప్రశ్నలో "అమ్మమ్మ కాలంలో ఇది దాదాపు ఉచితం" అని ఒక మాట ఉంది. అసలు లెక్క అక్కడే తప్పుతోంది. అది ఎప్పుడూ ఉచితం కాదు. ఏరడం, కడగడం, నానబెట్టడం, ఎండలో పెట్టి మబ్బు పట్టగానే పరుగెత్తుకెళ్లి తీయడం, దంచడం, జల్లించడం, ఈ గంటలన్నిటికీ ఎవరూ కూలి కట్టలేదు, అంతే. 1934లోనే మార్గరెట్ రీడ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీనికి ఒక కొలత ఇచ్చింది: ఇంట్లో చేసే ఏ పనినైతే డబ్బిచ్చి బయటివాళ్ల చేత చేయించుకోవచ్చో అదంతా ఉత్పత్తి కిందే లెక్క అని. తొంభై ఏళ్లు దాటినా, సొంత ఇంట్లో వాళ్ల కోసం వండిన వంట ఇప్పటికీ జీడీపీలోకి రాదు. అదే చేతులతో చేసి అదే వంటను పక్కింటికి అమ్మితే మాత్రం వస్తుంది. కాబట్టి మీరు ఈ రోజు ధరను పోలుస్తున్నది ఇంకో ధరతో కాదు, ఒక ఆడమనిషి జీతం లేకుండా చేసిన చాకిరీతో. ఆ చాకిరీకి మొదటిసారి బిల్లు వేసేసరికి అందరికీ "ఇంత ఖరీదా" అనిపిస్తోంది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఈ అదనపు ధరలో మోసం ఉన్న చోట ఉంది, నిజమే, కానీ అందులో చాలా భాగం ఎన్నో ఏళ్లుగా ఇవ్వకుండా ఎగ్గొట్టిన కూలి.

ఇక మిగతా భాగం ఏమిటో చూద్దాం. ఖర్చు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించే అందరూ ఎక్కువ మాట్లాడతారు, అందరూ పొరపాటు పడేదీ ఇక్కడే.

గానుగ నూనెను తీసుకోండి. "గానుగలో నూనె తక్కువ దిగుతుంది, అందుకే ఖరీదు" అని అమ్మేవాళ్లు చెప్తారు. లెక్క వేసి చూడండి. 100 కిలోల గింజల్లో 45 కిలోల నూనె ఉందనుకుందాం. పెద్ద ఫ్యాక్టరీలో హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తే పిప్పిలో, అంటే చెక్కలో, మిగిలే నూనె ఒక శాతం లోపే, అంటే 44 కిలోల పైనే చేతికొస్తుంది. నెమ్మదిగా తిరిగే గానుగలో తీసి, చెక్కలో పది శాతం నూనె వదిలేశాం అనుకున్నా 39 కిలోల దాకా వస్తుంది. తేడా పన్నెండు శాతం చిల్లర. ఆ పన్నెండు శాతం ధరను రెట్టింపు చేయలేదు కదా! పైగా నూనె ఉన్న ఆ చెక్కకు పశువుల దాణాగా మంచి రేటే వస్తుంది. మరి ఖర్చు ఎక్కడుంది? గింజలో ఉంది. రిఫైన్ చేసే ఫ్యాక్టరీ కాస్త పాడైన గింజను, పాతబడిన గింజను కూడా వాడుకోగలదు, ఎందుకంటే వాసన, రంగు, పులుపు అన్నీ తర్వాత తీసేస్తుంది. రిఫైన్ చేయని నూనెలో గింజ ఎలా ఉంటే నూనె అలాగే ఉంటుంది, దాచడానికి వీలుండదు. అందుకని మంచి గింజే కొనాలి, ఏరించాలి, తేమ చూసుకోవాలి, తీసిన నూనెను తేర్చాలి, అది తొందరగా కనరెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా తీయాలి, అమ్ముడుపోనిది వెనక్కి తీసుకోవాలి. ఈ ఖర్చులన్నీ నిజమైనవే. కానీ వీటిని లేబుల్ మీద ఎవరూ రాయరు, "చెక్క గానుగ" అని మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తారు.

పిండిదీ అలాంటి కథే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉక్కు రోలర్ మిల్లులు వచ్చాక గింజ నుంచి తవుడు, మొలక వేరు చేయడం తేలికైంది. మొలకలో నూనె ఉంటుంది, నూనె ఉంటే పిండి కనరు వాసన వస్తుంది, అది తీసేస్తే నెలల తరబడి గోదాములో ఉంచొచ్చు, దూరం పంపొచ్చు. రాతి తిరగలిలో మొలక పోకుండా విసిరిన పిండికి ఆ సౌకర్యం లేదు. అంటే పాత పద్ధతికి తిరిగి వెళ్లడం అంటే పాత ఇబ్బందులకు కూడా తిరిగి వెళ్లడమే, ఆ ఇబ్బందికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి.

అన్నిటికంటే ఖరీదైనది టైమ్. 1961లో ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్ అనే ఊళ్లో ఉన్న పరిశోధన సంస్థ, బ్రెడ్ పిండిని కొద్ది నిమిషాలపాటు చాలా వేగంగా కలిపే పద్ధతి కనిపెట్టింది. దాంతో గంటల తరబడి పులియబెట్టే పని తప్పింది, పిండి కలపడం నుంచి ముక్కలు కోసి ప్యాక్ చేసేదాకా మూడున్నర గంటల్లో అయిపోతుంది. సహజంగా పులిసే పిండితో చేస్తే ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ రోజంతా స్థలం ఆక్రమించుకుని ఉంటుంది, ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి, వాతావరణం మారితే తేడా వస్తుంది. ఒకే పొయ్యి, ఒకే మనిషి, ఫ్యాక్టరీ ఆరేడు సార్లు తీసే చోట వీళ్లు ఒక్కసారి తీస్తారు.

బ్రెడ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఫ్రాన్స్ సంగతి చెప్పాలి, మీ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు. అక్కడ బ్రెడ్ ధరను 1987 దాకా ప్రభుత్వమే అదుపులో పెట్టింది. ధర పెంచే వీలు లేనప్పుడు తయారీదారు ఏం చేస్తాడు, టైమ్ తగ్గించుకుంటాడు. యంత్రాలతో గట్టిగా కలిపి, తొందరగా పొంగించి, తెల్లగా దూదిలా ఉండే బాగెట్లు (కర్రలా పొడుగ్గా ఉండే బ్రెడ్) చేశారు, రుచి పోయింది, జనం తినడమూ తగ్గింది. 1993 సెప్టెంబరులో ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది: "ఫ్రెంచ్ సంప్రదాయ బ్రెడ్" అనే పేరు వాడాలంటే పిండిని ఏ దశలోనూ ఫ్రీజ్ చేయకూడదు, రసాయన సంకలనాలు వేయకూడదు, ఫలానా దినుసులే ఉండాలి అని. అప్పటి నుంచి ఒకే దుకాణంలో ఒకే బల్ల మీద రెండు బాగెట్లు ఉంటాయి, మామూలుది ఒకటి, "సంప్రదాయ" బాగెట్ ఒకటి, రెండోది ఖరీదు ఎక్కువ, అయినా జనం దానికోసం వస్తారు. గమనించండి, ఆ "సంప్రదాయం" అన్న పేరుకు చట్టంలో పుట్టినరోజు ఉంది. పాత పద్ధతిని పట్టుకొచ్చి దానికి కొత్తగా గీత గీశారు. ఆ గీత ఉండబట్టే కొనేవాడు ధైర్యంగా ఎక్కువ ఇచ్చాడు. గీత లేకపోయి ఉంటే మామూలు బాగెట్‌కే "సంప్రదాయ" అని చీటీ అంటించి అమ్మేవాళ్లు, ఏడాది తిరిగేసరికి ఆ మాటకు విలువ ఉండేది కాదు.

ఇదే రెండో పెద్ద కారణం, నమ్మకం. జార్జ్ అకెర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని చెప్పింది ఇదే: నాణ్యత అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు సగటు ధరే ఇస్తాడు, ఆ ధరకు మంచి సరుకు గిట్టక బజారు వదిలిపోతుంది. తిండి విషయం కారు కంటే కష్టం. కారు కొన్నాళ్లు తోలితే బాగోగులు తెలిసిపోతాయి. ఈ నూనెలో వేరే నూనె కలిపారా, ఈ గింజకు మందు కొట్టారా అన్నది తిన్న తర్వాత కూడా మీకు తెలీదు. మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు 1973లో ఇలాంటి సరుకులను ఒక ప్రత్యేక రకంగా విడదీశారు, వాడాక కూడా నాణ్యత తేలని సరుకులు, నమ్మి కొనాల్సినవి. ఒకప్పుడు ఆ నమ్మకం మనిషి ముఖం చూసి కుదిరేది, పాలు పోసేవాళ్లు, పిండి పట్టేవాళ్లు తెలిసినవాళ్లే. ఇప్పుడు ఆ ముఖం లేదు, దాని బదులు లేబుల్ ఉంది, ఊరి పేరు ఉంది, ముద్ర ఉంది, చివరికి ధర కూడా ఉంది. అవును, ధరే ఒక సాక్ష్యం అయిపోతుంది: మరీ చౌకగా ఉంటే "ఇందులో ఏదో కలిపి ఉంటారు" అనే అనుమానం వస్తుంది, కల్తీ వార్తలు రోజూ వింటున్నవాళ్లకు ఆ టెన్షన్ ఉండటం తప్పు కాదు.

ముద్ర వెనక నిజంగా పని ఉంటే ఎలా ఉంటుందో ఇటలీలో చూడొచ్చు. పార్మిజానో రెజానో జున్ను ఒక్కో చక్రం నలభై కిలోల దాకా ఉంటుంది, దానికి ఐదు వందల లీటర్లకు పైగా పాలు పడతాయి, కనీసం 12 నెలలు మాగాలి, అప్పుడు పరీక్షించే నిపుణుడు వచ్చి ప్రతి చక్రాన్నీ చిన్న సుత్తితో తట్టి శబ్దం వింటాడు, లోపల పగుళ్లు ఉంటే తెలిసిపోతుంది, నెగ్గిన వాటికే నిప్పుతో ముద్ర వేస్తారు. బాల్సమిక్ వెనిగర్ ఇంకా మంచి ఉదాహరణ. "మోదెనా బాల్సమిక్ వెనిగర్" అని ఉన్నదానికి నిబంధన ప్రకారం 60 రోజులు చాలు. "మోదెనా సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్" అంటే కనీసం 12 ఏళ్లు చెక్క పీపాల్లో మాగాలి. మధ్యలో ఒక్క మాటే తేడా. రెండూ ఒకే ఊరి పేరుతో ఒకే అరలో ఉంటాయి, తేడా తెలియని మనిషి మొదటిది కొని రెండోది కొన్నానని సంతోషపడతాడు. మీరు మోసం అంటున్నది ఇలాంటి సందుల్లో దొరుకుతుంది.

మనసు సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. 2008లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. 20 మందికి ఐదు రకాల వైన్ అని చెప్పి, నిజానికి మూడే రకాలు రుచి చూపించారు, ధరలు మాత్రం మార్చి చెప్పారు. 5 డాలర్ల వైన్‌నే 45 డాలర్లని చెప్పినప్పుడు ఎక్కువ బాగుందన్నారు, మర్యాదకు అన్నారేమో అనుకోడానికి వీల్లేకుండా మెదడులో ఇష్టానికి సంబంధించిన భాగం కూడా అప్పుడు ఎక్కువ పని చేసినట్టు స్కాన్‌లో కనిపించింది. అంటే ఖరీదు పెట్టినవాడికి నిజంగానే రుచిగా ఉంటోంది, వాడు అబద్ధం చెప్పడం లేదు. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1985లో ఇంకోటి చూపించాడు: సముద్రపు ఒడ్డున కూర్చున్న మనిషి, తెచ్చిపెట్టే అదే బీరుకు, పెద్ద హోటల్ నుంచి అయితే 2.65 డాలర్ల దాకా, పాత కిరాణా కొట్టు నుంచి అయితే 1.50 దాకా ఇస్తానన్నాడు. తాగేది అక్కడే, అదే బీరు. మనం వస్తువుకు ధర కట్టడం తక్కువ, అది వచ్చిన చోటుకు కట్టడం ఎక్కువ. పప్పు దినుసుల పక్కన పెట్టిన పొట్లం, ఆరోగ్యానికి సంబంధించిన అరలో పెట్టిన అదే పొట్లం, బహుమతుల అరలో పెట్టిన అదే పొట్లం, మూడింటికీ కొనేవాడి మనసులో మూడు వేర్వేరు ధరలుంటాయి. అలాగే శ్రమ. ఒక కవితను 4 గంటల్లో రాశారని కొందరికి, 18 గంటలు పట్టిందని కొందరికి చెప్పి చూపిస్తే రెండోవాళ్లు దానికి ఎక్కువ విలువ కట్టారు, 2004లో వచ్చిన పరిశోధన అది. మీరు మీ సీసా మీద "మూడు రోజులు ఎండబెట్టి" అని రాస్తే అమ్మకం పెరిగేది ఇందుకే, అది నిజమైతే రాయడంలో తప్పేమీ లేదు.

పేదవాళ్ల తిండి గొప్పవాళ్ల బల్ల మీదికి ఎలా చేరింది అని మీకు కోపంగా ఉన్నట్టుంది, మీ మాటల్లో తెలిసింది. ఐరోపాలో శతాబ్దాల పాటు తెల్ల రొట్టె డబ్బున్నవాళ్లది, ముతక నల్ల రొట్టె లేనివాళ్లది. ఇప్పుడు తెల్లది చౌక, నల్లది ఖరీదు. గతిలేక తిన్నవాళ్లు మాత్రం ఆ నల్ల రొట్టెకు ఎక్కువ డబ్బు ఇవ్వరు, వాళ్లకు అది ఆకలి రోజులను గుర్తు చేస్తుంది. వాళ్ల మనవలు ఇస్తారు, ఎందుకంటే వాళ్లకు అది ఎంచుకున్న తిండి. ఎర్నెస్ట్ ఎంగెల్ అనే గణాంకవేత్త 1857లోనే చెప్పాడు, ఆదాయం పెరిగే కొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని. ఆ మిగులు ఉన్నవాళ్లకే ఈ ఎంపిక.

కానీ నాకు బాధ కలిగించేది వేరు, ఇలాంటి తిండిగింజ పండించినవాళ్లకు ఏం మిగిలింది అన్నది. బొలీవియా, పెరూ కొండల్లో పండే కినోవా అనే గింజను చాలాకాలం మూలవాసుల తిండి అని చిన్నచూపు చూశారు. తర్వాత ప్రపంచం దాన్ని కనుక్కుంది, ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరంగా ప్రకటించింది, ధర ఆకాశానికెక్కింది. అది చూసి ఎన్నో దేశాలు సాగు మొదలుపెట్టాయి, 2014 తర్వాత ధర దభాలున పడింది. షాపులో పొట్లాం ధర కంటే పొలం దగ్గర ధరే ఎక్కువ పడిపోతుంది ఇలాంటప్పుడు, ఎందుకంటే మధ్యలో ఉన్న ప్యాకింగ్, రవాణా, దుకాణం వాటా తగ్గవు. కొత్తదనం మీద నిలబెట్టిన ధర కొత్తదనంతోనే పోతుంది. ఫ్యాషన్ పోయాక కూడా మిగిలే కారణం ఏదో ఒకటి మీ సరుకులో ఉండాలి.

ఆరోగ్యం పేరు చెప్పి ధర పెంచకండి, దయచేసి. అది అన్నిటికంటే తేలికైన దారి, అందుకే అందరూ దానిమీద పడ్డారు. "చక్కెర లేదు, తేనెతో చేశాం" అని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెను కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే లెక్కేసింది. షుగర్ ఉన్న మనిషి మీ లేబుల్ నమ్మి రెండు చెంచాలు ఎక్కువ తింటే ఆ పాపం మీది. ఐరోపా సమాఖ్యలో 2006 నాటి చట్టం ప్రకారం శాస్త్రీయ ఆధారం చూపకుండా ఆరోగ్య ప్రయోజనం రాయడానికి వీల్లేదు, చట్టం ఎలా ఉన్నా మీరు అదే కట్టుబాటు పెట్టుకోండి.

ఇప్పుడు మీ ధర. ముందు ఒక అనుభవం చెప్తాను. ఒక చిన్న యూనిట్‌లో ఇలాంటి నిల్వ పదార్థానికే మేం సీసా మార్చి, లేబుల్ మార్చి, తయారీ కథ రాయించి ధర ఒక్కసారిగా పెంచాం. మొదటి రెండు నెలలు అమ్మకాలు చూసి అందరం సంబరపడ్డాం. మూడో నెల నుంచి పడిపోయింది. కొన్నవాళ్లకు ఫోన్ చేసి అడిగితే ఎక్కువమంది ఒకే మాట అన్నారు: మొదటి సీసాకీ రెండో సీసాకీ రుచి కలవలేదు. మా దగ్గర ముగ్గురు చేసేవాళ్లు, కొలత రాసి పెట్టలేదు, "చేతి అంచనా" అని గర్వంగా చెప్పుకునేవాళ్లం. మొదటిసారి కథ విని కొంటారు, రెండోసారి నాలుక చెప్తేనే కొంటారు, అది మేం అప్పుడు నేర్చుకున్నాం. తర్వాత ప్రతి విడతకూ ఉప్పు, తేమ, పులుపు కొలిచి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాక తిరిగి కొనేవాళ్లు పెరిగారు, ధర తగ్గించాల్సిన అవసరం రాలేదు.

కొలవడం రుచికి మాత్రమే కాదు. అమ్మమ్మ ఇంట్లోవాళ్ల కోసం చేసింది, తేడా వస్తే వాసన చూసి పారబోసేది. మీరు ముఖం తెలియని మనిషికి పంపుతున్నారు, అతను ఆరు నెలల తర్వాత మూత తీస్తాడు. గాలి చొరబడని సీసాలో పులుపు సరిపోకపోతే బోట్యులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతకమైన విషం పుట్టొచ్చు, దానికి వాసన కూడా ఉండకపోవచ్చు, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకంటే తక్కువ ఉండాలన్న హద్దు అందుకే పెట్టారు. ఆ పరీక్షకు, ప్రతి విడతకూ, డబ్బవుతుంది, అది ధరలో పెట్టండి, మొహమాటపడకండి.

ధర కట్టేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు అంకెలు విడివిడిగా రాసుకోండి: సరుకు, మనుషుల గంటలు, పరీక్షలూ వెనక్కి వచ్చేవీ, దుకాణం వాటా. ఆ తర్వాత మీ లాభం. ఆ మొత్తానికీ మీరు పెట్టాలనుకుంటున్న నాలుగింతలకీ మధ్య ఇంకా ఖాళీ మిగిలితే, ఆ ఖాళీ అంతా సీసాది, కథది. అది కొంత ఉండొచ్చు, ఎవరికైనా ఇచ్చుకోడానికి అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. సగానికి మించితే మాత్రం మీకంటే అందమైన సీసా పెట్టినవాడు రాగానే మీ కొనుగోలుదారులు అటు వెళ్తారు. లేబుల్ తీసేసి, మీ సరుకూ బజారులో మామూలుదీ రెండు గిన్నెల్లో పెట్టి, మీతో బంధుత్వం లేని పదిమందికి రుచి చూపించండి. వాళ్లలో కనీసం ఏడెనిమిది మందైనా తేడా పట్టుకోకపోతే ధర గురించి ఆలోచించడం ఆపి తయారీ దగ్గరికి వెళ్లండి.

ఆ మనుషుల గంటల గడిలో చాలామంది సున్నా వేస్తారు, "మా అమ్మే కదా చేసేది" అంటారు. మీరు అడిగినదాంట్లోనూ తయారీ అంతా మీ అమ్మగారే చూసుకుంటారని రాశారు, ఖర్చుల పట్టికలో ఆవిడ పేరు లేదు. ముందు ఒక వారం ఆవిడ ఎన్ని గంటలు నిలబడుతున్నారో గడియారం చూసి రాయండి, బయటి మనిషిని పెట్టుకుంటే ఆ గంటలకు ఎంతవుతుందో అంత వేయండి, ఆ డబ్బు నెలనెలా ఆవిడ ఖాతాలో పడేలా చూడండి. ఆ అంకె వేశాక, ఖర్చుకు నాలుగింతలు అనుకుంటున్న మీ ధర అసలు ఖర్చుకు రెండున్నర ఇంతలో మూడింతలో అని తేలుతుంది, అప్పుడు మళ్లీ నాకు ఆ పట్టిక పెట్టండి, చూసి చెప్తాను.